వరసలో చివరాయన

పెళ్ళయి అత్తారింటికి వచ్చిన కొత్తలోనే నాకో సవతి ఉందని తెలిసింది. తీరా చూస్తే మగమనిషి. అందులోనూ చచ్చిపోయి ఎన్నో వందల ఏళ్ళయినవాడు. అయినా మా ఆయన నాతో గడిపిన పొద్దుకన్నా ఆ మనిషితో గడిపిన పొద్దే ఎక్కువ కాబట్టి నేను సవతి అనే అంటాను. ఆ సవతికి చక్కని పేరు ఉంది. కానీ మా చర్చి సంఘం పుస్తకాల్లో ఆ పేరు వెయ్యరు, "ఒక పూర్వికుడు" అని వేస్తారు. మా ఇంట్లో "ఒకాయన" అంటాం. అలవాటు కొద్దీ నేనూ అదే రాస్తున్నాను.

మా ఆయన వేదపాఠశాలలో మాస్టారు. పాస్టర్లు కాబోయేవాళ్ళకి బైబిలు వ్యాఖ్యానం చెప్పేవారు. అంతకన్నా పెద్ద బాధ్యత ఇంకోటి ఉండేది. మా సంఘానికి తాతల కాలం నుంచి వస్తున్న వ్యాఖ్యాన గ్రంథం ఒకటుంది. కొత్తగా అచ్చు వేసిన ప్రతిసారీ దాన్ని దిద్దేది ఆయనే. అందులో పేజీ నడిమధ్య వాక్యం పెద్ద అక్షరాల్లో ఉంటుంది. దాని చుట్టూ, పైనా కిందా పక్కలా, ఆ వాక్యానికి పాతకాలపు పెద్దలు చెప్పిన అర్థాలుంటాయి. ప్రతి అర్థానికీ ముందు చెప్పినాయన పేరు లావు అక్షరాల్లో ఉంటుంది. వాటికో వరస ఉంది. పూర్వపు సంఘ మహాసభలు మెచ్చిన పెద్దలు ముందు, వాళ్ళలోనూ ఎవరి తర్వాత ఎవరో ఖాయం. తర్వాత మిగతావాళ్ళు. అందరికన్నా అడుగున, చిన్న అక్షరాల్లో, పేరు లేకుండా, "ఒక పూర్వికుడు ఇలా అంటాడు" అని ఒకటో రెండో ముక్కలు.

ఆ వరస తప్పడానికి వీల్లేదు. పరీక్షలో ఎవరైనా వెనకాయన మాట ముందు రాస్తే మా ఆయన సున్నా చుట్టేవారు. అందుకే పాఠశాలలో ఆయన పేరు వరస మాస్టారు. ఒకరి మాట ఇంకొకరి పేరు కింద పడిందంటే ఆయనకి ఆ రోజు ముద్ద దిగదు. ఒకసారి అలాగే పడిందని అచ్చయిపోయిన కాగితాలన్నీ పక్కన పడేయించారు. ప్రెస్సు యజమాని ఇంటికొచ్చి నా దగ్గర లబోదిబోమన్నాడు. "నాకెందుకు చెబుతావు బాబూ, నా కూరలో ఉప్పెక్కువైతే కూడా ఆయన దాని మూలం ఎక్కడో వెతుకుతారు" అన్నాను.

ఒకాయన సంగతి చెప్పాలి. ఆయన మిగతా పెద్దలందరికన్నా ముందరివాడు. వాక్యం పైకి చెప్పేది ఒకటి, లోపల దాచుకున్నది ఇంకొకటి, ఆ లోపలిదాని కోసం తవ్వుకోవాలి అని మొదట పాఠంగా చెప్పినవాళ్ళలో ఒకడు. గ్రంథమంతటికీ అర్థాలు రాశాడు. తర్వాత వచ్చినవాళ్ళందరూ ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళే, ఆయన రాసింది చదివి రాసినవాళ్ళే. ఆయన పోయిన చాలా కాలానికి, ఆయన చెప్పినవాటిలో కొన్ని తప్పన్నారు. చివరికి ఒక్క మనిషి కూడా నశించిపోడు, దేవుడు అందర్నీ వెతికి తెచ్చుకుంటాడు అన్న మాట వాటిలో ముఖ్యమైనది. మహాసభ పెట్టి ఆయన్ని శపించారు. పుస్తకాలు చాలామటుకు లేకుండా పోయాయి. కానీ ఏం లాభం? అప్పటికే ఆయన మాటలు అందరి పుస్తకాల్లోకీ ఎక్కేశాయి. ఎక్కువ తిట్టినవాళ్ళే ఎక్కువ తీసుకున్నారని మా ఆయన నవ్వేవారు.

"తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమన్నమాట" అన్నాను నేను.

"అంతకన్నా కూడా. ఊళ్ళో చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకుంటారు. వీళ్ళు చెట్టు పేరు చెప్పకుండా అమ్ముకున్నారు."

మా ఆయన విద్య అంతా అదే. ఏ పెద్దాయన రాసిందైనా సరే, రెండు ముక్కలు చదవగానే "ఇది మనవాడిది" అని గుర్తుపట్టేసేవారు. దగ్గు విని మనిషిని గుర్తుపట్టినట్టు. ఆదివారం పాస్టరుగారు గొంతెత్తి ప్రసంగం చేస్తుంటే పక్కనుంచి నన్ను మోచేత్తో పొడిచేవారు, ఇదీ మనవాడిదే అని.

ఆయన మాటల్లో నాకు కంఠతా వచ్చింది ఒకే ఒకటి. తప్పిపోయిన గొర్రెను కాపరి వెతికే పేజీలో అడుగున ఉంటుంది. "చివరివాడు ఇల్లు చేరేదాకా ఆ ఇంటి యజమాని భోజనానికి కూర్చోడు." మొదటిసారి మా ఆయన అది చదివి వినిపించి, ఎలా ఉంది అన్నట్టు నా మొహంలోకి చూశారు. "ఇందులో వింతేముందండీ? నేను రోజూ చేసేదేగా" అన్నాను. నిజమే మరి. మా వాడు ఏ వేళకి ఇంటికొస్తే ఆ వేళకే నా భోజనం.

వాడు మాకు ఒక్కడే కొడుకు. వాళ్ళ నాన్నలా చదువుకోలేదు. లిఫ్టులు బాగుచేసే పనిలో చేరాడు. చేతులకెప్పుడూ గ్రీజు. "నాన్నదీ నాదీ ఒకే పనే అమ్మా, మనుషుల్ని పైకి చేర్చడం. నాదాంట్లో నయం, మధ్యలో ఇరుక్కుంటే నొక్కడానికి గంట ఉంటుంది" అనేవాడు. మా ఆయన పైకి కోప్పడేవారు గానీ ఆ జోకు పాఠశాలలో చెప్పుకుని నవ్వారని నాకు తర్వాత తెలిసింది.

వాడు యూనిఫారాలు కుట్టే చోట పనిచేసే అమ్మాయిని ఇష్టపడ్డాడు. ఆ పిల్లకి అంతకుముందే పెళ్ళయింది. మొగుడు కొడుతుంటే వదిలేసి వచ్చేసింది. వాడు బతికే ఉన్నాడు కాబట్టి మా సంఘంలో పెళ్ళి చెయ్యరు. మా వాడు పెళ్ళి లేకుండానే కాపురం పెట్టాడు. నేను మొదట్లో ఏడ్చాను. తర్వాత ఆ పిల్లని చూశాక కోడలా అనే పిలిచాను. నా నోటికి ఇంకో పిలుపు రాలేదు.

పెద్దలు సభ పెట్టారు. మా వాణ్ణి సంఘంలోంచి తీసెయ్యాలా వద్దా అని. పాస్టరుగారు మా ఆయన్ని అడిగారు, ఇలాంటి విషయంలో పూర్వికులు ఏమన్నారు మాస్టారూ అని. ఈయన లేచి మొదటి పెద్దాయన మాట, రెండో పెద్దాయన మాట, మూడో పెద్దాయన మాట, అలా అన్నీ చెప్పి, అడుగున ఒకాయన మాట కూడా చెప్పి, కూర్చున్నారు. పెద్దలు పైన చెప్పినవి పట్టుకుని అడుగుది వదిలేశారు. మా వాడి పేరు కొట్టేశారు. "మీరు వద్దని అనలేదేం?" అని ఇంటికొచ్చాక నిలదీశాను. "అన్ని మాటలూ చెప్పానుగా" అన్నారు. "వాళ్ళ మాటలు చెప్పారు. మీరేమంటారు?" అన్నాను. ఆయన జీవితంలో సొంతమాట అనగా నేను వినలేదు. వ్యాఖ్యాన గ్రంథంలో బతికున్నవాళ్ళ మాట వెయ్యకూడదని నియమం, ఆ నియమం ఆయన ఒంట్లోకి కూడా ఎక్కేసింది.

మా వాడు వాళ్ళ నాన్నతో మాట్లాడటం మానలేదు. వచ్చేవాడు, ఫ్యాను బాగుచేసి పోయేవాడు. "మీ పుస్తకంలో నా పేరు కూడా తీసేశారుగా నాన్నా, ఒకాయన పక్కన నాకూ చోటివ్వండి" అని నవ్వేవాడు.

తర్వాత వాడికి జబ్బు చేసింది. రక్తంలో వచ్చే జబ్బు. మెట్లన్నీ ఎక్కి దిగే మనిషి, మంచం మీంచి లేవడానికి నా భుజం పట్టుకోవాల్సి వచ్చింది. కోడలు పని మానేసి ఆస్పత్రిలోనే ఉంది. నేనూ ఉన్నాను. మా ఆయన పాఠశాల అవ్వగానే వచ్చి స్టూలు మీద కూర్చునేవారు. వాడి చెయ్యి పట్టుకుని కిటికీలోంచి కిందనున్న కార్లు చూసేవారు.

ఆ రోజు మధ్యాహ్నం కోడలు చీటీ పట్టుకుని మందులకి కిందకి వెళ్ళింది. నేను తడిగుడ్డతో వాడి పాదాలు తుడుస్తున్నాను. వాడు కళ్ళు తెరిచాడు.

"నాన్నా."

"చెప్పరా."

"మీ పుస్తకంలో ఆ గొర్రె పేజీ ఉంది కదా. దొరక్కుండానే చచ్చిపోతే దాని సంగతేంటి? మీవాళ్ళేమన్నారు?"

వేళాకోళంగా అడిగినట్టే అడిగాడు. కానీ నేను కన్నతల్లిని. ఆ గొంతులో భయం నాకు తెలియదా? చిన్నప్పుడు కరెంటు పోతే "అమ్మా, ఉన్నావా" అని అడిగేవాడే, అదే గొంతు.

మా ఆయన కళ్ళజోడు తీసి కండువాతో తుడిచారు. పాఠం మొదలుపెట్టే ముందు అలాగే తుడుస్తారు.

"ఏమండీ, ఆ చివరాయన మాట చెప్పండి. అదొక్కటే చాలు" అన్నాను.

"ఉండవే. వరస తప్పితే అర్థం తప్పుతుంది."

ఆయన ఉద్దేశం నాకు తెలుసు, ఇప్పుడూ తెలుసు. కఠినమైనవన్నీ ముందు చెప్పేసి, చివర్లో ఆ చల్లటి మాట వాడి చేతిలో పెడదామనుకున్నారు. తరగతిలో అలాగే చేసేవారట, పిల్లలు చప్పట్లు కొట్టేవారట. నా కొడుకు తరగతిలో లేడు, చావు మంచం మీద ఉన్నాడు. ఆ తేడా ప్రపంచంలో ఏ తండ్రికైనా తెలుస్తుంది, మా ఆయనకి తెలియలేదు.

మొదటి పెద్దాయన మాట చెప్పారు. చావుతో తలుపు మూసుకుంటుంది, తర్వాత తట్టినా తెరవరు అని. రెండో పెద్దాయన మాట చెప్పారు. తనంతట తాను మందని విడిచిన గొర్రె, దారి తెలియక తప్పిపోయిన గొర్రె, రెండూ ఒకటి కాదు అని. మూడో పెద్దాయన మాట చెప్పారు. కాపరి ఏడుస్తాడు గానీ ఆ తప్పు కాపరిది కాదు అని. గొంతు తడబడకుండా, ఒక్క ముక్క పొల్లుపోకుండా, ఎవరి మాటకి ముందు వాళ్ళ పేరు పెట్టి మరీ చెప్పారు. నేను తుడుస్తున్న పాదం నా చేతిలో బిగుసుకుంది.

"ఓహో. అయితే అంతేనన్నమాట" అన్నాడు మా వాడు. మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

"ఆగరా, ఇంకొకాయన ఉన్నాడు" అంటూ మా ఆయన ముందుకి వంగారు. సరిగ్గా అప్పుడే స్కానింగుకి తీసుకెళ్ళేవాళ్ళు స్ట్రెచరు తోసుకుంటూ వచ్చేశారు. "తర్వాత మాట్లాడుకోండి తాతగారూ, తప్పుకోండి" అన్నారు. ఈయన తప్పుకున్నారు! కళ్ళజోడు చేతిలో పట్టుకుని గోడకి ఆనుకుని దారిచ్చారు. వాడు వెళ్ళిపోతుంటే వెనకాల పరుగెత్తుతూనైనా చెప్పొచ్చుగా? వరండా అంత పొడుగుంది. ఎంత మాట అది, నాలుగు అడుగుల్లో అయిపోయే మాట. నేనైనా అరవొచ్చు. నాకు నోరు పెగల్లేదు. అంతకుముందూ ఆ తర్వాతా నా నోరు ఎప్పుడూ పడిపోలేదు, ఆ ఒక్కసారే పడిపోయింది.

లిఫ్టులో దిగుతుండగానే వాడికి స్పృహ తప్పిందట. మళ్ళీ కళ్ళు తెరవలేదు. దీపాలు పెట్టే వేళకి పోయాడు.

సమాధుల తోటలో ప్రహరీ పక్కన, పేర్లు కొట్టేసినవాళ్ళని పెట్టే మూల ఇచ్చారు. పాస్టరుగారు వచ్చారు గానీ వాక్యం చదవలేదు. నియమం అట. ఆయన చెడ్డవాడు కాదు, కళ్ళు తుడుచుకుంటూనే నిలబడ్డారు. "మీరైనా ఒక్క ముక్క చదవండి" అని నేను మా ఆయన చెయ్యి గుంజాను. "నాకు అధికారం లేదే" అన్నారు. మట్టి పోస్తున్న చప్పుడు తప్ప ఇంకే మాటా లేకుండా నా కొడుకు భూమిలోకి వెళ్ళాడు. కోడలు గోడ దగ్గర దూరంగా నిలబడింది, ఎవరూ రమ్మనలేదని. నేనే వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను.

కోపమొస్తే మాటలు మానేసేవాళ్ళుంటారు. నేను ఆ రకం కాదు. మాటలతోనే పొడుస్తాను. కాఫీ గ్లాసు పెడుతూ అడిగేదాన్ని, బట్టలు మడతపెడుతూ అడిగేదాన్ని. "మన వాడు ఏమైనట్టు? మీరేమంటారు?" ఆయన "నేననేదేముంది, పూర్వికులు" అని మొదలుపెట్టేవారు. "వాళ్ళు చచ్చారు. మీరు బతికున్నారు. మీ నోటితో చెప్పండి, నా కొడుకు దొరికినట్టా, పోయినట్టా?" అనేదాన్ని. ఆయన లేచి వెళ్ళి పెరట్లో నిలబడేవారు. కుంగిపోయారు మనిషి. జాలి వేసేది. అయినా అడగడం మానలేదు. ఆయన ఒక్కసారి, ఆయనంతట ఆయన, వాడు దొరుకుతాడు అంటే చాలు, నేను మళ్ళీ మనిషినవుతాననిపించేది.

అలా ఉండగా కొత్త అచ్చు పని వచ్చింది. ఈసారి పెద్దలు ఇంకో నిర్ణయం కూడా చేశారు. అడుగున చిన్న అక్షరాల్లో ఉండే ఒకాయన మాటలన్నీ ఎత్తేయాలి, శపించినవాడి మాట మన గ్రంథంలో ఎందుకని. మా ఆయన కాగితాలు ఇంటికి తెచ్చుకుని ఎర్ర పెన్సిలు పట్టుకుని కూర్చున్నారు. ఎన్ని వారాలు కూర్చున్నారో. నేను కంచం అక్కడే పెట్టి వచ్చేసేదాన్ని.

పెద్దల సభ రోజున కళ్ళజోడు ఇంట్లోనే మర్చిపోయి వెళ్ళారు. ఇద్దామని వెళ్ళి గుమ్మంలోనే ఆగిపోయాను. బల్ల మీద ఆ గొర్రె పేజీ పరిచి ఉంది. పేజీ అంతా ఎరుపే.

"ఒకాయన మాటలు తియ్యమన్నారు. ఎక్కడెక్కడున్నాయో గీతలు పెట్టాను" అంటున్నారు మా ఆయన. "మొదటి పెద్దాయన చెప్పిన దాంట్లో సగం ఆయనది. రెండో పెద్దాయన గొర్రెల్ని రెండు రకాలుగా విడగొట్టడం కూడా ఆయన దగ్గర నేర్చుకున్నదే, కాకపోతే తిరగేసుకున్నాడు. కాపరి ఏడ్చాడన్నది అచ్చంగా ఆయనదే. మిగతావాళ్ళ సంగతి మీరే చూడండి. తీసేస్తే అన్నీ తీసెయ్యండి. వాక్యం ఒక్కటే మిగులుతుంది నడిమధ్యన."

పాస్టరుగారు వంగి చూశారు. చాలాసేపు చూశారు. "ఇదేంటి మాస్టారూ, ఇది నేను పోయిన ఆదివారం చెప్పిందేగా" అన్నారు ఒక గీత మీద వేలు పెట్టి.

"అవును. బాగా చెప్పారు కూడా."

ఒకరిద్దరు నవ్వారు. మా ఆయన నవ్వలేదు. "నా మనవి ఒకటే. ఈ ఒక్క పేజీలో ఆయన మాట అడుగునుంచి తీసి అన్నిటికన్నా పైన వేద్దాం, పేరుతో సహా. ఎవరైనా ఈ పేజీ తెరిస్తే, రెండో మాట చదివే ఓపిక లేకపోయినా, అది కంటపడాలి" అన్నారు.

పాస్టరుగారు మెల్లగా అడిగారు. "ఏమీ అనుకోకండి మాస్టారూ. ఇది సత్యం కోసం అడుగుతున్నారా, మీ అబ్బాయి కోసమా?"

"మా అబ్బాయి కోసమే. సత్యం కోసమే అయితే ఎప్పుడో అడగాల్సింది."

నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. ఇన్నేళ్ళ కాపురంలో ఆ మనిషి కుండ బద్దలు కొట్టినట్టు మాట్లాడటం అదే మొదలు. పెద్దలు ఒప్పుకోలేదు. ఎందుకొప్పుకుంటారు? గీతలు పెట్టినవి ఉన్నచోటే ఉంచుదాం, వాటి మీద పెద్దల పేర్లున్నాయి కదా అన్నారు. అడుగునున్న చిన్న అక్షరాల ముక్క మటుకు తీసేద్దామన్నారు. మా ఆయన పెన్సిలు బల్ల మీద పెట్టేసి బయటికొచ్చేశారు. మర్నాటి నుంచి పాఠశాలకి వెళ్ళలేదు, వాళ్ళూ పిలవలేదు.

దారిలో నేను మెచ్చుకోవాల్సింది. మెచ్చుకోలేదు. "చేతులు కాలాక ఆకులు పట్టుకున్నారు" అన్నాను. నడుస్తున్న మనిషి ఒక్క క్షణం ఆగి, మళ్ళీ నడిచారు. ఆ మాట అనకుండా ఉండాల్సింది. కానీ నా కడుపులో మంట నాది.

గ్రంథం అచ్చయి వచ్చింది. మాకూ ఒకటి పంపారు. ఆ పేజీ అడుగున తెల్లగా ఉంది.

ఒక ఆదివారం పొద్దున కోడలు వచ్చింది. అందరూ ఆరాధనకి వెళ్ళే వేళ. మేము వెళ్ళడం మానేశామని తెలుసు. మళ్ళీ కుట్టుపనిలో చేరింది, చిక్కి సగమైంది. నేల మీద కూర్చుని, వద్దన్నా వినకుండా నాతో పాటు చిక్కుళ్ళు ఒలవడం మొదలుపెట్టింది. మా ఆయన కుర్చీలో కూర్చుని ఉత్తినే వీధి చూస్తున్నారు.

"మామయ్యా, ఒకటడగనా?" అంది తలెత్తకుండా.

"అడుగమ్మా."

"ఆ రోజు నేను మందులకి వెళ్ళినప్పుడు మీరాయనతో ఏదో మాట్లాడుతున్నారని నర్సు చెప్పింది. ఏం మాట్లాడుకున్నారు?"

నా చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. ఇన్నాళ్ళూ ఈ పిల్ల అడగలేదు, మేం చెప్పలేదు.

"నన్ను తెచ్చుకోబట్టే కదా ఆయన పేరు కొట్టేశారు" అంది. "రాత్రుళ్ళు లేచి కూర్చుని అడిగేవాడు మామయ్యా, నేను నిజంగా నరకానికే పోతానంటావా అని. నాకేం తెలుసు? ఊరుకో అనేదాన్ని. భయపడుతూ వెళ్ళిపోయాడా? నా వల్ల భయపడుతూ వెళ్ళాడా? అదొక్కటి చెప్పండి. ఏదైనా సరే తట్టుకుంటాను, నిజం చెప్పండి. మీరు ఒకచోటి మాట తెచ్చి ఇంకోచోట పెట్టే మనిషి కాదని ఆయన ఎప్పుడూ అనేవాడు."

మా ఆయన కళ్ళజోడు తియ్యలేదు. తుడవలేదు. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని ముందుకి వంగారు. ఈ మనిషి వరసలో చెబుతాడు, మొదటి పెద్దాయన, రెండో పెద్దాయన, మూడో పెద్దాయన, గోడవైపు తిరిగిన మొహం, అన్నీ ఉన్నవి ఉన్నట్టు చెబుతాడు, ఈ పిల్ల ఇక్కడే ఈ చిక్కుళ్ళ మధ్య చచ్చిపోతుంది అనుకున్నాను. ఆపడానికి నోరు తెరిచాను.

"అడిగాడమ్మా" అన్నారాయన. "దొరక్కుండా పోయిన గొర్రె సంగతేంటి నాన్నా అని అడిగాడు. నేను చెప్పాను. చివరివాడు ఇల్లు చేరేదాకా ఆ ఇంటి యజమాని భోజనానికి కూర్చోడురా అని చెప్పాను."

"వరస కాకుండా, అదే ముందు చెప్పారా?"

"ముందు అదే చెప్పాను. ఇంకేమీ చెప్పలేదు."

"విన్నాడా?"

ఆయన నా వైపు చూశారు. నేను పట్టిన ఇన్నాళ్ళ కోపమూ అడిగిన ఇన్నాళ్ళ ప్రశ్నా ఆ చూపులో ఉన్నాయి. ఒకరి మాట ఇంకొకరి పేరు కింద పడితే ముద్ద దిగని మనిషి.

"నేను పక్కనే ఉన్నాను కదమ్మా, పాదాలు తుడుస్తూ. విన్నాడు" అన్నాను.

"ఏమన్నాడు అత్తయ్యా?"

ఏం చెప్పినా అబద్ధమని తెలిసిపోతుందనిపించింది. మా ఆయనే అందుకున్నారు.

"'ఓహో, అయితే అంతేనన్నమాట' అన్నాడు."

వాడి మాటే అది. ఒక్క అక్షరం మార్చలేదు. దాని ముందు ఉండాల్సినవి తీసేసి, ఇంకోటి పెట్టారు అంతే. కోడలు ఆ మాట పెదవులతో అనుకుంది. "అవును, అలాగే అంటాడు. లిఫ్టులో ఏం పాడైందో దొరికినప్పుడు అలాగే అంటాడు" అంది. చిక్కుళ్ళ గిన్నె పక్కకి నెట్టి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. వాడు పోయిన రోజు కూడా అలా ఏడవలేదు. నేను దాని తల నా ఒళ్ళోకి తీసుకున్నాను.

కాసేపటికి సర్దుకుని మొహం తుడుచుకుంది.

"ఇంకోసారి చెప్పండి మామయ్యా. మొదట్నుంచీ."

ఆయన మొదట్నుంచీ చెప్పారు. ఈసారీ గొంతు తడబడలేదు. చివరికొచ్చేసరికి, "ఆ మాట అని నవ్వాడమ్మా" అని కలిపారు.

కోడలు నా ఒళ్ళోంచి తలెత్తి చూసింది. "నవ్వాడా అత్తయ్యా?"

"నవ్వాడమ్మా. నేను చూశాను" అన్నాను.